బాంబెర్గ్ పొగ బీరు: మూడో గ్లాసుదాకా ఓపిక పట్టండి

జర్మనీలో ఆరు రోజులు, మూడు ఊళ్లు. బీరు రుచి కోసం ఒక్క ఊరికే వెళ్లగలిగితే బాంబెర్గ్‌కే వెళ్లమంటాను.

ముందు కొలోన్ వెళ్లాం. అక్కడి క్యోల్ష్ బీరు లేత బంగారు రంగులో తేలిగ్గా, కొంచెం పండ్ల వాసనతో ఉంటుంది. 200 మిల్లీలీటర్ల సన్న గ్లాసు ఖాళీ కాగానే అడక్కుండానే ఇంకోటి తెచ్చి, కింది అట్ట మీద పెన్సిల్‌తో గీత గీసి వెళ్లిపోతారు, చాలనుకుంటే ఆ అట్టని గ్లాసు మీద మూతలా పెట్టాలి. సర్వీస్ చాలా నచ్చింది. స్టేషన్ పక్కన తీసుకున్న గది మాత్రం శుద్ధ దండగ: నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు, రాత్రంతా రైళ్ల చప్పుడు.

డ్యూసెల్‌డోర్ఫ్ దగ్గరే, రైల్లో వెళ్లొచ్చేయొచ్చు. అక్కడి ఆల్ట్ బీరు రాగి రంగు, చేదు ఎక్కువ, యూరిగె అనే బ్రూవరీ పబ్బులో నిలబడే తాగాం.

బాంబెర్గ్ సంగతి వేరు. మొలకెత్తిన బార్లీని, అంటే మాల్ట్‌ని, బీచ్ అనే చెట్టు కట్టెల మంట మీద ఆరబెడతారు, ఆ పొగే బీరులోకి దిగుతుంది. పొగ తగలకుండా ఆరబెట్టే బట్టీలు వచ్చాక మిగతా ఊళ్లు దాదాపు ఈ పద్ధతి వదిలేశాయి, ఇక్కడ ష్లెంకెర్లా, స్పెజియల్ అనే రెండు బ్రూవరీలు మాత్రం ఇప్పటికీ బార్లీకి తామే పొగ పెట్టుకుంటున్నాయి. ష్లెంకెర్లా బీరు ముదురు రంగు, 5.1 శాతం ఆల్కహాల్, చెక్క పీపాలోంచి పడతారు. మొదటి గుక్కకే కుంపటి మీద ఎండుచేపలు కాల్చినప్పుడు ఇల్లంతా పట్టే వాసన గుర్తొచ్చింది, మా ఆవిడైతే గ్లాసు పక్కకి నెట్టేసింది. మూడు గ్లాసులైతేగానీ దీని రుచి తెలియదని అక్కడివాళ్లు అంటారు. నిజమే, మూడోదానికి పొగ వెనక్కి తగ్గి మాల్ట్ తీపి, చివర్లో నాలుకని ఆరబెట్టే చేదు విడివిడిగా తెలిశాయి. మాంసం కూరిన ఉల్లిపాయ, పైన పొగ బీరు సాస్, ఆ వంటకం తప్పక తినండి.

బస స్పెజియల్‌లోనే, బీరు తయారయ్యే చోటే గదులున్నాయి. సాదాగా, శుభ్రంగా ఉన్నాయి, మెట్లు దిగితే బీరు. దాంట్లో పొగ చాలా తక్కువ, కొత్తవాళ్లు అక్కడ మొదలుపెట్టి తర్వాత ష్లెంకెర్లాకి వెళ్లడం మంచిది, మేం తిరగేసి వెళ్లాం కాబట్టి మొదట అది చప్పగా అనిపించింది. చేతిలో క్యాష్ ఉంచుకోండి, ఒకచోట కార్డు తీసుకోక ఏటీఎం వెతుక్కుంటూ తిరిగాను.

వచ్చేరోజు మధ్యాహ్నం రైలుకి ఇంకా గంట టైముందనగా, మళ్లీ ష్లెంకెర్లాకి వెళ్దామన్నది మా ఆవిడే.