ధర్మాబాద్ నుంచి నాందేడ్‌కు: పద్నాలుగు నెలల సూది వైద్యం

ధర్మాబాద్ మిర్చి అడ్తిలో పద్దులు రాయడం నా పని. సీజన్‌లో రోజుకు పది గంటలు కుర్చీలోనే. మూడేళ్ల కిందట మలద్వారం చుట్టూ, కుడి పిరుదు లోపల మంట మొదలైంది. కూర్చుంటే నిప్పుల మీద కూర్చున్నట్టే. నిలబడితే తగ్గేది, పడుకుంటే ఉండేది కాదు. విరేచనం నాలుగైదు రోజులకు ఒకసారి, అదీ సగమే. మొలలనుకుని ఏడాది పాటు పూతమందులు రాశాను. ఆ ఏడాది వృథా అయిందన్న బాధ ఇప్పటికీ ఉంది.

చివరికి హైదరాబాద్‌లో ఒక నరాల వైద్యుడు ఎంఆర్ఐ తీయించి, వేరే జబ్బేదీ లేదని తేలాక, ఇది ప్యూడెండల్ నరం నొప్పి అన్నారు. వెన్ను చివర త్రికాస్థి దగ్గర పుట్టే ఆ నరమే మలద్వారాన్ని బిగించే కండరాన్ని కూడా నడిపిస్తుందట. నొప్పి, మలబద్ధకం జంటగా ఎందుకు వచ్చాయో అప్పుడు తెలిసింది. ఆయన ఇచ్చిన మాత్రలతో మగత వచ్చి లెక్కలు తప్పేవి. అందుకే సూదులు గుచ్చి వాటికి సన్నగా కరెంటు పెట్టే ఎలక్ట్రో ఆక్యుపంక్చర్ వైపు వెళ్లాను.

నాందేడ్‌లో డాక్టరమ్మ బోర్లా పడుకోబెట్టి, త్రికాస్థి మూడో రంధ్రం ఎక్కడుందో వేలితో వెతికి, రెండు వైపులా పొడవాటి సూదులు దింపుతారు. "కాకా, బరువుగా లాగగానే చెప్పండి" అంటారు. గుచ్చిన చోట నొప్పి తక్కువే. లోపలికి వెళ్లాక మాత్రం జివ్వుమని తోకఎముక దాకా పాకుతుంది. తీగలు తగిలించి కరెంటు పెడితే, కనురెప్ప అదిరినట్టు లోపలి కండరం అదురుతుంది. తరువాత వెల్లకిలా తిప్పి బొడ్డుకు రెండు పక్కలా సూదులు. మొత్తం అరగంట.

ముందు దారికి వచ్చింది పేగు. మూడో వారంలో ముక్కకుండానే విరేచనమైంది. రెండో నెలకల్లా వారానికి నాలుగుసార్లు. అందరికీ ఇలా అవుతుందని నేను అనను. చైనాలో 15 ఆసుపత్రులలో, తీవ్ర మలబద్ధకం ఉన్న 1,075 మందిపై చేసిన పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. ఎనిమిది వారాలలో 28 సార్లు ఈ చికిత్స చేయించుకున్నవారిలో 31.3 శాతం మందికి వారానికి మూడుసార్లు లేదా అంతకంటే ఎక్కువగా పూర్తి విరేచనం అయింది. పోలిక కోసం పైపైన సూదులు గుచ్చి ఉత్తుత్తి చికిత్స చేసినవారిలో అది 12.1 శాతమే. తేడా నిజమే, కానీ ఎక్కువ మందికి ఆ ఫలితం రాలేదని మరువకండి.

నొప్పి మొండిది. పదికి ఎనిమిది ఉన్నది ఆరు నెలలకు నాలుగుకు దిగి అక్కడే ఆగింది. అది కూడా సూదుల పుణ్యమే అని చెప్పలేను: కటి కండరాలను వదులు చేసే శ్వాస వ్యాయామం, మరుగుదొడ్డిలో కాళ్ల కింద పీట కూడా డాక్టరమ్మ పట్టుబట్టి అలవాటు చేశారు. సీజన్ పని వల్ల రెండు నెలలు మానేస్తే రెండు బాధలూ తిరగబెట్టాయి. ఇప్పుడు నెలకోసారి వెళ్తున్నాను.

మధ్యలో దగ్గరగా ఉందని ఒకచోటికి వెళ్లాను. వాడిన సూదినే దూదితో తుడిచి మళ్లీ పట్టుకోవడం చూసి లేచి వచ్చేశాను. మహారాష్ట్రలో ఈ వైద్యానికి 2015 నాటి చట్టమే ఉంది. రిజిస్ట్రేషన్ అడగండి, సూది పొట్లం మీ ఎదుటే విప్పమనండి. మలంలో రక్తం కనిపిస్తే సూదుల కంటే ముందు పరీక్షలు చేయించుకోండి. తొడల నడుమ తిమ్మిరి ఎక్కినా, మూత్రం ఆగిపోయినా ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లండి.

మొదట్లో నాందేడ్ దాకా రైలు తలుపు పక్కన నిలబడే వెళ్లేవాడిని. పోయిన నెల తిరుగు ప్రయాణంలో ముద్ఖేడ్ నుంచి ఉమ్రి దాకా సీటులో కూర్చున్నాను. ఉమ్రి దాటాక లేచి నిలబడ్డాను.