ట్రాలీ స్పీకర్ వెనకాల ఆ రెండు స్క్రూలు: మూడేళ్ల వాడకం తర్వాత

వాట్లు, బ్లూటూత్, రంగుల లైట్ల సంగతి అందరూ రాసేదే, వాటి జోలికి పోవడం లేదు. చక్రాల మీద లాక్కెళ్లే, లోపలే బ్యాటరీ ఉన్న ఈ స్పీకర్ డబ్బా వెనక, పెన్‌డ్రైవ్ గుచ్చే చోటుకి కాస్త కింద, ఎర్రదొకటీ నల్లదొకటీ స్క్రూ టెర్మినళ్లుంటాయి. పక్కన చిన్న అక్షరాల్లో ‘డీసీ 12 వోల్ట్’ అని ఉంటుంది, అంటే బయటి బ్యాటరీని తగిలించుకునే చోటు. బరంపురంలో కొన్న రోజున కొట్టువాడు దాని ఊసే ఎత్తలేదు. ఒడిశాలోని గంజాం జిల్లాలో, గోపాల్‌పూర్ దగ్గరి ఒడ్డున, వందలోపు పిల్లలున్న బడిలో మూడేళ్లు వాడాక తేలిందేమిటంటే, పెట్టిన డబ్బులు ఆ రెండు స్క్రూలకే గిట్టాయి.

ఇక్కడ మైకు పని ఆగస్టు 15తో మొదలవుతుంది. వినాయక చవితి, నవంబరు 5న సునామీ డ్రిల్, జనవరి 26, సరస్వతి పూజ, ఆటల పోటీలు, ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడిన రోజైన ఉత్కళ దివస్. ప్రతి మాటా ఒడియాలో ఒకసారి, ఇంట్లో తెలుగే మాట్లాడే వాడబలిజ మత్స్యకార తల్లుల కోసం తెలుగులో ఇంకోసారి చెప్పాలి. గంట కార్యక్రమం గంటన్నరకు పోతుంది, బ్యాటరీ లెక్క అలాగే వేసుకోవాలి.

డబ్బా మొండికేసింది డ్రిల్ రోజునే. ఇదే జిల్లాలోని వెంకట్రాయపూర్‌కు 2020లో యునెస్కో సముద్ర విజ్ఞాన కమిషన్ ‘సునామీ రెడీ’ (సునామీకి సిద్ధంగా ఉన్న ఊరు) గుర్తింపు ఇచ్చింది, కాబట్టి ఈ తీరంలో డ్రిల్ మొక్కుబడిగా కానిస్తే బాగుండదు. కరెంటు లేదు. సైరన్ మోగింది, పిల్లలు వరుస కట్టారు. తరగతులవారీగా హాజరు పిలుస్తుండగా గొంతు సన్నబడి, గరగరలాడి, టప్పున ఆగిపోయింది. డిస్‌ప్లేలో మాత్రం మూడు గీతలు నిక్షేపంగా వెలుగుతున్నాయి!

మీటరు పెట్టి చూస్తే కారణం తెలిసింది. ఊరికే ఉన్నప్పుడు 12.4 వోల్టులు, సౌండ్ పెంచగానే 10కి దగ్గర. ఆ గీతలు చూపేది ఊరికే ఉన్నప్పటి వోల్టులనే. లోపలిది 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ సీల్డ్ లెడ్ బ్యాటరీ. స్విచ్ ఆపినా డిస్‌ప్లే బోర్డు కొంచెం కొంచెంగా కరెంటు తాగుతూనే ఉంటుంది. వేసవి సెలవులన్నీ అలా ఖాళీగా పడి ఉంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. ఆపైన ఎంత ఛార్జి పెట్టినా పట్టదు.

ఆ పూట మధ్యాహ్న భోజనం బియ్యం దింపిన ఆటో గేటు దగ్గరే ఉంది. దాని బ్యాటరీ నుంచి రెండు వైర్లు లాగి ఆ టెర్మినళ్లకు బిగిస్తే మిగతా డ్రిల్ అంతా నడిచింది.

ఇలా వాడేవాళ్లకు కొన్ని మాటలు. వైరు సన్నదైతే కుదరదు. 0.5 చదరపు మిల్లీమీటర్ల వైరు ఐదు మీటర్లు లాగితే, 4 ఆంపియర్ల దగ్గర ఒకటిన్నర వోల్టు దాకా దారిలోనే పోతుంది, దరువు పడ్డప్పుడల్లా ఆగుతుంది. అదే 1.5 వైరైతే అర వోల్టుతో సరి. ముందు స్పీకర్ వైపు బిగించి, తర్వాతే బ్యాటరీకి క్లిప్పులు పెట్టాలి. ఎర్ర వైరుకు బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలి. రంగులు తారుమారైతే మా డబ్బాలో ఫ్యూజు పోవడంతో సరిపోయింది, అన్నింటిలోనూ అంత అదృష్టం ఉంటుందని చెప్పలేం. ఇంజిన్ నడుస్తుండగా తగిలిస్తే మైకులో జుయ్యిమనే రొద వస్తుంది. ఆపి వాడండి.

ఇంత మెచ్చుకున్నాక ఒప్పుకోవాల్సింది ఒకటుంది. ఆ టెర్మినళ్ల పూత నాసిరకం. ఉప్పుగాలికి ఎనిమిది నెలల్లో పచ్చగా చిలుము పట్టింది. ఎమరీ పేపరుతో గీకి, పొడిగుడ్డతో తుడిచి, వాజలీన్ పల్చగా రాస్తే రెండు మూడు నెలలు నిలుస్తుంది. రాయడం మరిచిపోతే మళ్లీ అదే తంతు.

కొన్న కొత్తలో కార్డ్‌లెస్ మైకును తెగ పొగిడాం. ఇప్పుడు దాన్ని గదిలోపలి కార్యక్రమాలకే తీస్తున్నాం. సెల్స్ లోపలే వదిలేస్తే స్ప్రింగు తుప్పు పడుతోంది. బయట గాలి నేరుగా కొడితే మాటకంటే హోరే ఎక్కువ, స్పాంజి తొడుగు వేసినా సగమే తగ్గుతుంది. ఒడ్డు వైపు వీపు పెట్టి, వైరున్న మైకుతో మాట్లాడితే ఊరి చివరిదాకా స్పష్టంగా వినిపిస్తుంది.

లోపలి బ్యాటరీ మార్చాం. సెలవుల్లో దాని ఎర్ర తీగ పీకి ఉంచుతున్నాం, నెలకోసారి ఛార్జి పెడుతున్నాం. రెండోది ఇప్పటికైతే బాగానే ఉంది, కానీ ఇంకా ఒక్క వేసవే చూసింది.

ఇన్వర్టర్ ఉన్న బడికి, సముద్రానికి దూరంగా ఉన్నవాళ్లకు ఈ టెర్మినళ్లతో పనే పడకపోవచ్చు. అలాంటప్పుడు ఇదే ధరలో ఇంతకంటే మంచి గొంతున్న డబ్బాలు దొరుకుతాయి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని మా చోట మాత్రం కొనేముందు డబ్బాను వెనక్కి తిప్పి, ఆ రెండు స్క్రూలు ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఉంటే కొట్టులోనే ఏదైనా బండి బ్యాటరీ తగిలించి మోగించమనండి. కొన్ని మోడళ్లలో అవి ఛార్జింగుకే పనికొస్తాయి.