సున్నా డిగ్రీల దగ్గర మొరాయించే బ్యాటరీ

చలికాలంలో కరెంటు పోతే ఎలాగన్న భయంతో కొనుక్కున్న వస్తువు ఆ చలికే ముడుచుకుపోతే దాన్ని వానలో తెరుచుకోని గొడుగు అనాలి తప్ప నాకు మరో మాట తోచడం లేదు. మా ఇంట్లో కొన్ని చలికాలాలుగా వాడుతున్న పోర్టబుల్ పవర్ స్టేషన్ (మామూలు ప్లగ్గులు పెట్టుకోగల పెద్ద బ్యాటరీ పెట్టె) మీద నా ఫిర్యాదు ప్రధానంగా ఇదొక్కటే. దాని బరువెంత, సాకెట్లెన్ని, యాప్ ఎలా ఉంటుంది అన్నవి ఎక్కడైనా దొరికే వివరాలు కనుక వాటి జోలికి పోను. సుమారు 1,000 వాట్ అవర్ల సామర్థ్యం గల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమని, మడత పెట్టుకోగల సోలార్ ప్యానెల్‌తో కలిపి కొన్నామని చెబితే ఈ సమీక్షకు సరిపోతుంది.

జనరేటర్ కొనకుండా దీన్ని ఎంచుకోవడానికి కారణం ఇంధనం మండినప్పుడు వెలువడే విషవాయువు, కార్బన్ మోనాక్సైడ్. పెట్రోలు జనరేటర్‌ను తలుపులకూ కిటికీలకూ కనీసం 6 మీటర్ల దూరంలో ఆరుబయటే నడపాలి. గ్యారేజీ తలుపు బార్లా తెరిచి ఉంచినా లోపల నడపకూడదు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ను చలి కమ్మేసి లక్షలాది ఇళ్లకు కరెంటు పోయినప్పుడు, ఇళ్లలో, గ్యారేజీల్లో నడిపిన జనరేటర్లూ కార్లూ వదిలిన ఈ వాయువు వల్లనే కొందరు చనిపోయారు. పెద్దవాళ్లున్న ఇంట్లో, అర్ధరాత్రి మంచులో నడిచి వెళ్లి ఇంధనం పోసి రావలసిన యంత్రం కంటే గది మూలన చప్పుడు లేకుండా పడి ఉండే పెట్టె మేలని అప్పుడు అనుకున్నాం. ఇప్పటికీ ఆ అభిప్రాయం పూర్తిగా మారలేదు, కానీ దానికి కొన్ని షరతులు వచ్చి చేరాయి.

మొదట్లో ఎదురైన కోతలన్నీ కొద్ది గంటల్లో ముగిసేవి, కాబట్టి ఈ పెట్టెలోని లోపం బయటపడే అవకాశమే రాలేదు. అసలు సంగతి తెలిసింది తీగల మీద పడగానే గడ్డకట్టే వాన కురిసిన రోజున. ఆ రకం వాన ఎంత పని చేయగలదో చెప్పడానికి 1998 జనవరిలో కెనడాలోని క్యుబెక్‌లో జరిగినది చాలు: పేరుకున్న మంచు బరువుకు భారీ విద్యుత్ టవర్లే కూలి, కొన్ని చోట్ల నెల దాటినా కరెంటు రాలేదు. మాకు అంత ఆపద రాలేదు గాని, సాయంత్రం పోయిన కరెంటు తెల్లవారినా రాలేదు. అప్పటివరకు పెట్టె హీటింగ్ లేని గ్యారేజీలో ఉండేది. మాన్యువల్‌లో నిల్వ ఉంచడానికి సూచించిన ఉష్ణోగ్రత సున్నాకు దిగువ 10 డిగ్రీల వరకూ ఉంది కనుక అందులో తప్పేమీ లేదు. రాత్రంతా రౌటర్, రెండు దీపాలు, ఫోన్లు, అత్తయ్యగారి ఎలక్ట్రిక్ దుప్పటి గ్యారేజీ నుంచి లాగిన తీగ మీద నడిచాయి. తెల్లవారేసరికి పావు వంతు ఛార్జి మిగిలింది. ఆకాశం నిర్మలంగా ఉంది, మంచు మీద పడిన ఎండ కళ్లు జిగేల్మనిపిస్తోంది. ఇక ఫరవాలేదనుకుని ప్యానెల్‌ను బయట పరిచి తీగ కలిపాం.

తెర మీద ఇన్‌పుట్ అన్న చోట సున్నా కనిపించింది. చలికి బిరుసెక్కిన తీగను ఊడదీసి మళ్లీ బిగించాను, మా ఆవిడ ప్యానెల్ అంచున మిగిలిన మంచును తుడిచి "ఇప్పుడు చూడండి" అంది, అప్పుడూ సున్నాయే. కారు సాకెట్ నుంచి ఎక్కిద్దామని చూస్తే అక్కడా అదే ఫలితం. చాలాసేపటికి గాని తెర అడుగున, వేలిగోరంత ఉన్న థర్మామీటర్ గుర్తు ఒకటి వెలిగి ఆరుతున్న సంగతి గమనించలేదు. దాని పక్కన ఒక్క అక్షరం లేదు. మాన్యువల్ తిరగేస్తే చివరి పేజీలోని పట్టికలో జవాబు దొరికింది: ఈ బ్యాటరీ నుంచి కరెంటు తీసుకోవడానికి సున్నాకు దిగువ 10 డిగ్రీల వరకు అనుమతి ఉంది, ఛార్జి ఎక్కించడానికి మాత్రం సున్నాకు పైన ఉండి తీరాలి. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చు వేసినది మొదటి అంకెను మాత్రమే.

ఈ ఆంక్ష వెనుక ఉన్న కారణం న్యాయమైనదే. ఛార్జి అవుతున్నప్పుడు లిథియం అయాన్లు బ్యాటరీ రుణ ధ్రువమైన గ్రాఫైట్ పొరల మధ్యకు చొచ్చుకుపోవాలి; సున్నా కంటే తక్కువ చలిలో ఆ ప్రక్రియ మందగించి, లోపలికి వెళ్లలేని లిథియం గ్రాఫైట్ ఉపరితలం మీదనే లోహంగా పేరుకుంటుంది. అలా పోయిన సామర్థ్యం తిరిగి రాదు, పేరుకున్న లోహం ముదిరితే లోపల షార్ట్ సర్క్యూట్ కూడా కావచ్చు. అందువల్ల బ్యాటరీని కాపాడే సర్క్యూట్ ఛార్జింగ్‌ను ఆపేయడం సరైన పనే. నా కోపమల్లా ఆ విషయాన్ని కొనేవాడికి చెప్పిన తీరు మీద, చెప్పని చోట్ల మీద. కంపెనీకి రాస్తే, ఇది సాధారణ పనితీరేనని మర్యాదగా ఒక జవాబు వచ్చింది. చలికాలపు కోతల కోసమే తయారైందని ప్రకటనలు గుప్పించే వస్తువు విషయంలో ఆ జవాబు నన్ను సమాధానపరచలేదు.

ఆ రోజు తర్వాతి కథ మరింత చిరాకు పుట్టించింది. పెట్టెను హాలులోకి తెచ్చాం. హీటింగ్ ఆగిపోయిన హాలే చల్లబడుతోంది, పైగా పెట్టెలోని అన్ని కిలోల బ్యాటరీ సెల్స్ ఒక్కసారిగా వెచ్చబడవు. లోపలి ఉష్ణోగ్రత సున్నా దాటగానే సర్క్యూట్ ఒప్పుకుంటుందనుకుంటే అదీ లేదు. మాటిమాటికీ ఆగుతూ మొదలవుతూ ఉండకుండా, మరి కొన్ని డిగ్రీలు పైకి వచ్చాకే ఛార్జింగ్‌ను అనుమతించేలా దాన్ని రూపొందించారు. మీద దుప్పటి కప్పుదామని ఒకరు సలహా ఇచ్చారు గాని, దుప్పటి ఉన్న వేడిని నిలపగలదే తప్ప లేని వేడిని పుట్టించదు, చల్లని వస్తువును చల్లగానే ఉంచుతుంది. వేడినీళ్ల సంచులు ఆనించే ఆలోచన కూడా మానుకున్నాం. సెన్సర్ ఉన్న చోటు వెచ్చబడి మిగతా సెల్స్ చల్లగానే ఉండిపోతే, ఏ నష్టాన్ని ఆపడానికి ఆ సర్క్యూట్ ఉందో అదే జరిగే ప్రమాదముంది. చివరకు ఛార్జింగ్ మొదలయ్యేసరికి మధ్యాహ్నం దాటి పొద్దు వాలుతోంది. చలికాలంలో పగలే తక్కువ. ఉన్న కాస్త ఎండా పెట్టె వెచ్చబడేదాకా వృథాగా పోయింది.

అప్పటినుంచి పెట్టె ఏడాది పొడుగునా ఇంట్లో, ఎప్పుడూ 10 డిగ్రీలకు తగ్గని గదిలో ఉంటోంది. మామూలు రోజుల్లో సగానికి కాస్త పైగా ఛార్జితో ఉంచి, తుఫాను హెచ్చరిక రాగానే నిండుగా ఎక్కిస్తున్నాం. ప్యానెల్ తీగను కిటికీ సందులోంచి లోపలికి తెస్తున్నాం గనుక ఆ సందులో పాత తువ్వాళ్లు కుక్కవలసి వస్తోంది. చలి వల్ల ప్యానెల్‌లోనూ ఒక మార్పు వస్తుంది, అయితే అది బ్యాటరీలో వచ్చే మార్పుకు సరిగ్గా వ్యతిరేకం: ఉష్ణోగ్రత తగ్గేకొద్దీ ప్యానెల్ వోల్టేజీ డిగ్రీకి ఇంచుమించు 0.3 శాతం చొప్పున పెరుగుతుంది. దాని మీద రాసి ఉన్న వోల్టేజీ 25 డిగ్రీల వద్ద కొలిచినది కనుక, సున్నాకు దిగువ 15 డిగ్రీల చలిలో అది 12 శాతం దాకా పెరుగుతుంది. రెండు ప్యానెళ్లను సిరీస్‌లో కలిపి పెట్టె భరించగల హద్దుకు దగ్గరగా నడిపేవారు ఈ లెక్క తప్పకుండా వేసుకోవాలి.

గతంలో బంధువులందరి ముందూ ఈ పెట్టెను నేను గట్టిగానే పొగిడాను. ఆ మాటల్లో కొన్నింటిని ఇప్పుడు సవరించాలి. అసలు చప్పుడే చేయదన్నాను. చిన్న లోడ్ల వరకు అది నిజం, లోడ్ పెరిగితే మాత్రం ఫ్యాన్ తిరుగుతుంది, ఆ చప్పుడు మంచం పక్కన నిద్ర పట్టనివ్వదు. 1,000 వాట్ అవర్లన్నాను. మామూలు ప్లగ్గుల నుంచి తీసుకుంటే మార్పిడిలో పోయే నష్టం వల్ల చేతికి వచ్చేది సుమారు 850. ఇంతకంటే ముఖ్యమైనది, మామూలు ప్లగ్గులకు కరెంటు ఇచ్చే ఏసీ బటన్ నొక్కి ఉంచితే చాలు, ఏమీ నడవకపోయినా బ్యాటరీ డీసీని ఏసీగా మార్చే లోపలి ఇన్వర్టర్ 10 వాట్లకు పైగా తానే వాడుకుంటుంది. 10 వాట్ల రౌటర్ కోసం దాన్ని రాత్రంతా ఆన్‌లో ఉంచితే రౌటర్ ఎంత వాడుతుందో ఇన్వర్టర్ కూడా అంత వాడినట్టే. మా రౌటర్ 12 వోల్టుల రకం కాబట్టి, ప్లగ్గు ధ్రువాలు సరిచూసుకుని, దానికి నేరుగా డీసీ తీగ కలిపాం. ఫోన్లు యూఎస్‌బీ మీద ఎక్కుతున్నాయి. ఏసీ బటన్ అవసరమైనప్పుడు తప్ప ముట్టుకోవడం లేదు. ఈ ఒక్క మార్పుతో పెట్టె నడిచే వ్యవధి ఎంత పెరిగిందో చూశాక, ఇంకా పెద్ద పెట్టె కొందామన్న ఆలోచన వాయిదా పడింది.

నేను ఊహించని సంతోషాన్నిచ్చింది ఎలక్ట్రిక్ దుప్పటి. గదిని వెచ్చబరిచే హీటర్ 1,500 వాట్లు లాగుతుంది, అంటే ఈ పెట్టెను అరగంట దాటగానే ఖాళీ చేస్తుంది. దుప్పటి మాత్రం వంద వాట్ల లోపే వాడుకుంటూ, వెచ్చబడ్డాక ఇంకా తగ్గి, మనిషిని రాత్రంతా కాపాడుతుంది. గదికి బదులు మనిషిని వెచ్చగా ఉంచుకుంటే చాలన్న సంగతి నిజానికి ఈ పెట్టె కంటే ఎక్కువ ఉపయోగపడింది. పసిపిల్లలకు మాత్రం ఆ దుప్పటి వాడకూడదు.

ఇంటిని వెచ్చబరిచే గ్యాస్ ఫర్నేస్ దీని మీద నడుస్తుందా అని చాలామంది అడుగుతారు. మా దాని ఫ్యాన్ 500 వాట్ల చుట్టుపక్కల తీసుకుంటుంది కాబట్టి అప్పుడప్పుడు గంటసేపు నడిపి ఇల్లు మరీ చల్లబడకుండా చూసుకోవచ్చు. అయితే ఎలక్ట్రీషియన్ మొదట తీగను నేరుగా పెట్టెకు కలిపి పరీక్షించినప్పుడు, మంట వెలిగి కొన్ని క్షణాల్లోనే ఆరిపోయింది. మంట గుండా ప్రవహించే అతి సూక్ష్మమైన కరెంటు ఎర్త్ మీదుగా తిరిగి వస్తేనే ఫర్నేస్ బోర్డు మంట ఉన్నట్టు గుర్తిస్తుంది. ఈ పెట్టెలో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ సంబంధం లేదు, అందుకే బోర్డు మంట లేదనుకుని గ్యాస్ ఆపేసింది. ఆయన ఇంటి న్యూట్రల్‌ను కదపకుండా ఫేజ్‌ను మాత్రమే మార్చే చేంజోవర్ స్విచ్ అమర్చాక ఆ ఇబ్బంది తీరింది. ఇది సొంతంగా ప్రయత్నించదగిన పని కాదు. ఇక గోడలోని సాకెట్‌లోకి ఎదురు కరెంటు పంపే ఉపాయం మాత్రం ఎవరు చెప్పినా వినకూడదు, ఎందుకంటే ఆ కరెంటు బయటి తీగల్లోకి పాకి, మరమ్మతు చేస్తున్న లైన్‌మన్ ప్రాణం తీయగలదు.

మిగతా ఏర్పాట్లకు పెద్దగా ఖర్చు లేదు. నిండుగా ఉన్న ఫ్రీజర్‌ను తెరవకుండా ఉంచితే దాదాపు 48 గంటలు, ఫ్రిజ్‌ను తెరవకుండా ఉంచితే 4 గంటలు లోపలి చల్లదనం నిలుస్తుంది, కనుక మొదటి రాత్రి వాటి కోసం బ్యాటరీ ఖర్చు చేయనవసరం లేదు. చలిలో ఆల్కలైన్ సెల్స్ నీరసిస్తాయి, అందువల్ల టార్చిలైట్లలో మార్చుకోవడానికి లిథియం సెల్స్ ఉంచాం. నీటి పైపులు గడ్డకట్టి పగిలే ప్రమాదం ఉంది కాబట్టి మెయిన్ వాల్వ్ ఎక్కడుందో ఇంట్లో అందరికీ చూపించాం. బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం జనరేటర్ లేకపోయినా అవసరమే.

ఇక తీర్పు. మాది గ్యాస్ హీటింగ్ ఉన్న ఇల్లు, కోతలు సాధారణంగా ఒక రోజుకు మించవు, పెట్టెను వెచ్చగా దాచుకోవడానికి మాకు చోటుంది. ఈ పరిస్థితుల్లో దీన్ని వదులుకోను. హీటింగ్ పూర్తిగా కరెంటు మీదే ఆధారపడిన ఇంటికి ఇది దీపాలకూ ఫోన్లకూ పనికొస్తుందే తప్ప చలిని ఆపలేదు. రోజుల తరబడి కరెంటు రాని చోట్ల జనరేటర్ లేకుండా గడవదు. శ్వాస యంత్రం వంటి వాటి మీద ఆధారపడినవారు ఇలాంటి పెట్టె ఒక్కటే ఉంటే చాలనుకోకుండా, యంత్రం ఇచ్చినవారినీ డాక్టరునూ ముందే సంప్రదించాలి. ఛార్జింగ్‌కు ముందు సెల్స్‌ను తమంతట తామే వెచ్చబరుచుకునే మోడళ్లు కూడా ఇప్పుడు వస్తున్నాయి. ఆ వేడికి కావలసిన కరెంటు ప్యానెల్ నుంచి తీసుకుంటుందా, లేక మిగిలి ఉన్న కొద్దిపాటి ఛార్జినే తినేస్తుందా అన్న ప్రశ్నకు అమ్మేవారు రాతపూర్వకంగా జవాబిస్తే, పాతదాన్ని దీపాలకు కేటాయించి, ఈసారి అలాంటిది కొనే ఆలోచన చేస్తాను.