జర్మనీలో పాత ముస్తాంగ్‌కు కొత్త భాగాలు వేయిస్తున్నారా? కాగితాలు చూడనిదే డబ్బు కట్టకండి

స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల పాత అమెరికన్ కార్లను బాగుచేసి, ఆధునిక భాగాలు బిగించి ఇస్తామనే వర్క్‌షాపులు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకదానికి నా 1967 ఫోర్డ్ ముస్తాంగ్‌ను అప్పగించాను. తిరిగి వచ్చిన కారు ట్యూఫ్ (వాహనాల భద్రతను పరీక్షించే సంస్థ) తనిఖీలో నెగ్గలేదు, పాతకాలపు కార్లకిచ్చే హెచ్ నంబర్ ప్లేటు రాలేదు, కట్టిన సొమ్ములో ఒక్క యూరో కూడా వెనక్కి రాలేదు. ఇక్కడ ఉద్యోగం చేస్తూ ఇలాంటి కారు కొనాలని ఏళ్ల తరబడి డబ్బు దాచుకుంటున్న తెలుగువాళ్లు నాకు తెలుసు. వాళ్లకోసమే ఇది రాస్తున్నాను.

హెచ్ ప్లేటు ఉత్త అలంకారం కాదు. 30 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న కార్లకే అది ఇస్తారు. అది ఉంటే ఏడాది పన్ను 191.73 యూరోలు. లేకపోతే పాత పెట్రోలు కారుకు ఇంజను పరిమాణాన్ని బట్టి పన్ను వేస్తారు. నా కారులోని 4.7 లీటర్ల వీ8 ఇంజనుకు అది 1,200 యూరోలు దాటుతుంది. పైగా ఆ ప్లేటు లేని పాత కారును స్టుట్‌గార్ట్ కాలుష్య నియంత్రణ మండలంలోకి తేవడానికి వీల్లేదు. అంటే సొంత ఊళ్లోనే బండి తీయలేం.

పని మొదలుకాకముందే ఈమెయిల్‌లో అడిగాను: మీరు మార్చబోయే భాగాలన్నిటితో హెచ్ ప్లేటు వస్తుందా? "ట్యూఫ్ సంగతి మాకు వదిలేయండి, ఎప్పుడూ చేసే పనే" అని జవాబు వచ్చింది. ఆ మాట మీద పాత స్టీరింగ్ బాక్స్ తీసి ఇప్పటి కార్లలో ఉండే ర్యాక్ పినియన్ స్టీరింగ్, పెట్రోలును గాలితో కలిపే పాత కార్బ్యురేటర్ స్థానంలో కంప్యూటర్‌తో నడిచే ఫ్యూయల్ ఇంజెక్షన్, ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు వేశారు.

తనిఖీ ఇంజనీరు ముందుగా స్టీరింగ్ కాగితాలు అడిగారు. అవి లేవు. అమెరికాలో పెట్టెలో పెట్టి అమ్మే ఇలాంటి కిట్లలో చాలావాటికి జర్మనీలో చెల్లే పరీక్షా పత్రం ఉండదు. స్టీరింగ్ తెగితే ప్రాణాలు పోతాయి కాబట్టి, దాని దృఢత్వానికి రుజువు లేకుండా ఎవరూ సంతకం పెట్టరు, పెట్టకూడదు కూడా. ఫ్యూయల్ ఇంజెక్షన్‌ను మరో కారణంతో తిరస్కరించారు. ఆ కాలంలో చేసిన, లేదా చేయగలిగిన మార్పులనే హెచ్ ప్లేటుకు ఒప్పుకుంటారు. ఆ కాలపు ముస్తాంగ్‌కు కంప్యూటర్ ఇంజెక్షన్ ఉండేది కాదు.

డిస్క్ బ్రేకుల విషయంలోనే నాకు ఎక్కువ కోపం వచ్చింది. అవి సులభంగా ఆమోదం పొందవలసినవి. అదనంగా డబ్బు కట్టినవారికి ఫోర్డ్ 1965 నుంచే ముస్తాంగ్‌కు ముందు డిస్క్ బ్రేకులు ఇచ్చేది. కానీ వీళ్లు డిస్కులు బిగించి, డ్రమ్ బ్రేకుల మాస్టర్ సిలిండర్‌ను (పెడల్ తొక్కితే బ్రేకు ద్రవాన్ని గొట్టాల్లోకి తోసే భాగం) అలాగే ఉంచేశారు. డ్రమ్ బ్రేకుల కోసం చేసిన సిలిండర్ లోపల, పెడల్ వదిలాక కూడా గొట్టాల్లో కొంత ఒత్తిడి నిలిపి ఉంచే చిన్న వాల్వు ఉంటుంది. డ్రమ్ములకు అది అవసరం. డిస్కులకు మాత్రం ఆ ఒత్తిడి వల్ల ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటాయి. హైవే మీద కాస్త దూరం వెళ్లగానే ముందు చక్రాల నుంచి కాలిన వాసన. పక్క సీట్లో నా కూతురు ఉంది. బ్రేకులు కొత్తవి కదా, సర్దుకుంటాయి అని ఫోనులో చెప్పారు. ఇది తెలియనితనం అయినా, నిర్లక్ష్యం అయినా క్షమించరానిదే.

చిన్నవిగా కనిపించే తప్పులు కూడా చూడండి. ఈ కారు బోల్టులన్నీ అంగుళాల కొలతలవి. 5/16 అంగుళాల రంధ్రంలో 8 మిల్లీమీటర్ల బోల్టు మొదటి చుట్లు పడుతుంది, ఆ తరువాత మరను కొరికేస్తుంది. నా ఇంజను మీద అలా బలవంతంగా తిప్పినవి చాలా దొరికాయి. అంగుళాల పానాలు, బోల్టులు వర్క్‌షాపులో ఉన్నాయో లేదో మొదటి రోజే కళ్లారా చూడండి.

ఇక నేల రేకు. కొత్తది వేశామని బిల్లులో రాశారు. నిజానికి తుప్పు మీదే అతుకు వేసి, పైన నల్లటి సీలింగ్ పూత దట్టంగా పూశారు. పైన పటారం, లోన లొటారం. ముస్తాంగ్ కొనేవారు ఈ పరీక్ష తప్పకుండా చేయండి: ముందు అద్దం కింద, బోనెట్ వెనక ఉన్న గాలి కన్నాల్లో ఒక చెంబు నీళ్లు పోసి, డ్యాష్‌బోర్డు కింద తివాచీ తడుస్తుందేమో చూడండి. తడిస్తే ఆ కన్నాల కింద ఉండే రేకు పెట్టె తుప్పు పట్టిందని అర్థం. దాన్ని వెల్డింగ్‌తో మూసేసి ఉంటారు కాబట్టి బయటికి కనిపించదు, బాగుచేయాలంటే ముందు భాగమంతా విప్పాలి.

అమెరికాలోనే ఈ మార్పులన్నీ చేయించి తెప్పించుకుందామనే ఆలోచన ఉన్నవారికి ఒక మాట. 30 ఏళ్లు దాటి, అసలు స్థితిలో ఉన్న కారును కస్టమ్స్ వాళ్లు సేకరణ వస్తువుగా పరిగణిస్తే సుంకం ఉండదు, దిగుమతి వ్యాట్ 7 శాతమే. స్టీరింగ్, బ్రేకులు, ఇంజను గణనీయంగా మారిస్తే మామూలు కారు లెక్కే: మామూలు కార్లకు ఉండే సుంకం, కారు విలువ, సుంకం కలిపిన మొత్తం మీద 19 శాతం వ్యాట్.

నా అసలు స్టీరింగ్ బాక్స్‌ను పాత ఇనుము కింద అమ్మేశారు. అది ఉండి ఉంటే తిరిగి బిగించి తనిఖీకి వెళ్లేవాణ్ణి. తీసిన ప్రతి భాగమూ మీదేనని, మీకే తిరిగి ఇవ్వాలని ఒప్పందంలో రాయించండి. మార్పుల జాబితా పట్టుకుని పని మొదలుకాకముందే ట్యూఫ్ లేదా డెక్రా (అలాంటిదే మరో తనిఖీ సంస్థ) ఇంజనీరును మీరే స్వయంగా కలవండి, వర్క్‌షాపు మధ్యవర్తిత్వం వద్దు. ఆయన సరేనన్న జాబితాను ఒప్పందానికి జతచేయండి. చివరి వాయిదా తనిఖీ నెగ్గాకే అని రాయించండి. ఇది ముందే రాసుకోవాలి, ఎందుకంటే జర్మన్ చట్టం ప్రకారం బిల్లు తీరేదాకా కారును తన దగ్గరే ఉంచుకునే హక్కు వర్క్‌షాపుకు ఉంటుంది. నన్ను మొత్తం కట్టేలా చేసింది అదే.

ఇప్పటికే ఇలాంటి పనిలో ఇరుక్కున్నవారు తొందరపడి కారును మరో చోటికి తీసుకెళ్లి బాగుచేయించకండి. ముందు లోపాలన్నీ ఫోటోలతో సహా రాసి, గడువు తేదీ వేసి, సరిదిద్దమని అదే వర్క్‌షాపుకు రిజిస్టర్డ్ ఉత్తరం పంపండి. ఆ అవకాశం ఇవ్వకుండా వేరేచోట పెట్టిన ఖర్చును తరువాత రాబట్టడం చాలా కష్టం. గడువు దాటాక న్యాయవాది దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ ఉత్తరం రసీదు, తనిఖీ తిరస్కరణ పత్రం, పని మొదలుకాకముందు పంపుకున్న ఈమెయిళ్లు వెంట ఉంచుకోండి.