ఏజెంటు చేతిలో ఇంటి చిట్టా: హెచ్‌లెడ్జర్ ఏడాది పైగా వాడాక

హెచ్‌లెడ్జర్ కొత్తదేమీ కాదు. జాన్ వీగ్లీ 2003లో తెచ్చిన లెడ్జర్ అనే లెక్కల ప్రోగ్రాం బాటలోనే సైమన్ మైకేల్ 2007లో మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్. చిట్టా అంతా ఒక మామూలు టెక్స్ట్ ఫైల్లో ఉంటుంది. డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి పోయింది రెండూ రాయాలి, కూడితే సున్నా రావాలి. ఏడాదికి పైగా ఈ పద్దులు నాకోసం ఒక ఏఐ ఏజెంటు రాస్తోంది. దానికి టెర్మినల్లో కమాండ్లు నడపడం వస్తే చాలు, ఏజెంటుకు బయటి సాధనాలను కలిపే ఎంసీపీ సర్వర్ లాంటివేమీ పెట్టలేదు.

సాధనం గట్టిది. మాన్యువల్ కూడా వివరంగానే ఉంది. అయినా ఆ మాన్యువల్ చదివినంత మాత్రాన ఏజెంటుకు మా ఇంటి లెక్క రాయడం రాదు. ఇంటి సంగతులు చెప్పే కాగితం ఒకటి మనమే రాసివ్వాలి. పని నడిచేదీ చెడేదీ ఆ కాగితం మీదే.

మాది ఒడిశా-ఆంధ్ర సరిహద్దులోని పర్లాకిమిడి. జీతం ఒడిశా వైపు బ్యాంకులో పడుతుంది, చీటీ పాతపట్నంలో, అమ్మ మందులు శ్రీకాకుళంలో. ఒకే కిరాణా కొట్టు పేరు స్టేట్‌మెంట్లో ఒక్కోసారి ఒక్కో స్పెల్లింగుతో వస్తుంది. ఇలాంటివి రూల్స్ ఫైల్లో, అంటే బ్యాంకు వరుసలను పద్దులుగా ఎలా మార్చాలో హెచ్‌లెడ్జర్‌కు చెప్పే ఫైల్లో, ఒకసారి రాస్తే సరిపోతుంది. తేదీలూ అంతే. 05/06 అంటే జూన్ 5 అని అక్కడే చెప్పేయాలి, ఏజెంటు ఊహకు వదలకూడదు. జూన్‌లో రజ పండుగకు బట్టలు కొంటే ‘అసాధారణ ఖర్చు’ అంది, జనవరిలో సంక్రాంతికీ అదే మాట. రెండూ మాకు పండుగలేనని కాగితంలో ఒక వాక్యం చేర్చాక మానేసింది.

అసలు చిక్కు చీటీతో వచ్చింది. నెలనెలా పోయే డబ్బును ఏజెంటు ఖర్చు కింద వేసేసింది. లక్ష రూపాయల చీటీ, ఇరవై మంది, ఇరవై నెలలు అనుకోండి. ఒకరు 21,000 తగ్గించి పాడారు. అందులో నిర్వాహకుడి కమిషన్ 5,000 పోగా మిగిలిన 16,000 అందరికీ పంచితే తలా 800. ఆ నెల మనం కట్టేది 4,200. పద్దు మాత్రం ఇలా రావాలి: చీటీ ఖాతాలోకి 5,000, బ్యాంకు నుంచి 4,200, డివిడెండు రాబడి 800. మనమే 79,000కి పాడుకున్న నెలలో చీటీ ఖాతా నుంచి లక్ష తీసి, 79,000 బ్యాంకులో, 21,000 ఖర్చులో వేయాలి. అప్పుడు చీటీ ఖాతా మైనస్‌లోకి వెళుతుంది, అదే ఇంకా తీర్చాల్సిన అప్పు. ఇరవయ్యో వాయిదాకు సున్నా అవుతుంది. ఈ ఉదాహరణను అంకెలతో సహా రాసిచ్చాక ఏజెంటు మళ్లీ తడబడలేదు. నియమాలు పేజీలకు పేజీలు రాసేకన్నా ఇలాంటి పూర్తి పద్దు ఒకటి చూపించడం మేలు.

చేబదుళ్లు మాత్రం ఇప్పటికీ తలనొప్పే. బావమరిదికి యూపీఐలో పంపిన 3,000 అప్పో, బియ్యం డబ్బులో స్టేట్‌మెంట్ చూసి ఎవరూ చెప్పలేరు. మనుషుల పేర్లు కనిపిస్తే నన్నడగమని రాశాను. అడుగుతుంది, కాస్త ఎక్కువగానే.

కాగితంలో తప్పకుండా ఉండాల్సినవి ఇంకో రెండు. ఒకటి, కూడికలు సొంతంగా చేయొద్దు, హెచ్‌లెడ్జర్ చేత చేయించి ఏ కమాండ్ వాడావో చూపించు. రెండోది, నెలాఖరున బ్యాంకు చూపిన నిల్వను పద్దులో రాయి. లెక్క దానితో కలవకపోతే హెచ్‌లెడ్జర్ తప్పు చూపించి ఆగిపోతుంది. ఒకసారి అలా ఆగితే మా ఏజెంటు ‘సర్దుబాటు’ పేరుతో 412 రూపాయల పద్దు పుట్టించి లెక్క కలిపేసింది! గుమాస్తా అయితే ఆ రోజే ఇంటికి పంపేవాళ్లం. తేడా కనిపిస్తే ఆగి అడుగు, ఎందుకంటే ఆ తేడాయే నాకు కావాలి అని కారణంతో సహా రాశాక ఆ పని మళ్లీ చేయలేదు.

ఆ తేడాకు మూలం బ్యాంకు వెనక తేదీతో వేసిన వడ్డీ. బ్యాంకు ఫైలును చిట్టాలోకి తెచ్చే ఇంపోర్ట్ కమాండ్ కిందటిసారి ఏ తేదీ దాకా చదివిందో గుర్తుపెట్టుకుని, ఆ తర్వాతవే తీసుకుంటుంది. పాత తేదీతో ఆలస్యంగా వచ్చి చేరిన వరుస దాని కంటపడదు. ఈ లోపం తెలియకుండా నమ్ముకుంటే ఇబ్బందే.

గోప్యత సంగతి. హెచ్‌లెడ్జర్ మన కంప్యూటర్లోనే నడుస్తుంది, కానీ క్లౌడ్ మోడల్ వాడితే ఏజెంటు చదివినదంతా బయటి సర్వర్‌కు వెళుతుంది. ఖాతా నంబర్లు, ఫోన్ నంబర్లు చెరిపే చిన్న స్క్రిప్టు నడిపాకే ఫైలు దానికిస్తాను. మన అనుమతితో బ్యాంకు వివరాలను వేరే సంస్థకు చేరవేసే అకౌంట్ అగ్రిగేటర్ ద్వారా వివరాలు నేరుగా లాగొచ్చు కదా అని కొందరు అడిగారు. ఆ దారిలో సమాచారం తీసుకోగలిగేది ఆర్‌బీఐ, సెబీ లాంటి నియంత్రణ సంస్థల కింద నమోదైన సంస్థలే, మన ఇంటి స్క్రిప్టుకు ఆ వీలు లేదు. కాబట్టి నెలకోసారి నెట్ బ్యాంకింగ్‌లోకి వెళ్లి స్టేట్‌మెంట్‌ను సీఎస్‌వీ (కామాలతో విడదీసిన టెక్స్ట్) ఫైలుగా దించుకోవాల్సిందే.