పాత ఆర్‌వీ కొంటున్నారా? ఫ్రిజ్ మీద పచ్చ లైటు చూసి మోసపోకండి

డల్లాస్ చుట్టుపక్కల మనవాళ్లు చాలామంది ఈమధ్య పాత ట్రావెల్ ట్రెయిలర్ల మీద, అంటే బండి వెనక తగిలించుకుని లాక్కెళ్లే చిన్న ఇల్లు లాంటి ఆర్‌వీల మీద పడ్డారు. పిల్లలకి సెలవులు, ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తారు, హోటళ్ల రేట్లు చూస్తే గుండె జారుతుంది, దాంతో "ఒకటి కొనేస్తే పోలా" అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. కొన్నాను. గోడలు, గొళ్లెం, కప్పు, టైర్లు అన్నీ చూసుకున్నాను. ఫ్రిజ్ దగ్గర మాత్రం అడ్డంగా దొరికిపోయాను. మీరు దొరక్కూడదని రాస్తున్నా.

ట్రెయిలర్ 2014 మోడల్, 26 అడుగులు, 13,500 డాలర్లు. అమ్మేది డీలర్ కాదు, ప్రైవేటు మనిషి. మేం వెళ్లేసరికి ఆయన ఇంటి ముందు డ్రైవ్‌వేలో పెట్టి, లోపల లైట్లన్నీ వేసి, పెళ్లికూతురిలా ముస్తాబు చేసి ఉంచాడు. ఫ్రిజ్ తలుపు తీస్తే నిమ్మకాయ వాసన గుప్పుమంది. పైన ఫ్రీజర్‌లో రెండు ఐసు సంచులు, కింద ఆరు కూల్‌డ్రింక్ క్యాన్లు. ఒకటి నా చేతిలో పెట్టాడు, చల్లగా ఉంది. ప్యానెల్ మీద పచ్చ లైటు. బయట కింద ఉన్న చిన్న తలుపు తెరిచి మంట కూడా చూపించాడు, నీలం రంగులో బుసబుసమంటూ. "మీరొస్తున్నారని రెండు గంటల కిందటే గ్యాస్ మీద వేశాను, అప్పుడే ఎలా చల్లబడిందో చూడండి" అన్నాడు.

ఆ ఒక్క మాట దగ్గరే నేను చెక్కు పుస్తకం జేబులో పెట్టుకుని కారెక్కాల్సింది. గ్యాస్ మీద నడిచే ఫ్రిజ్ రెండు గంటల్లో చల్లబడదు. ఆరేడు గంటలు తక్కువలో తక్కువ, ఎండాకాలం అయితే రాత్రంతా, ఒక్కోసారి రోజంతా పడుతుంది. ఆ క్యాన్లు వాళ్ల వంటింటి ఫ్రిజ్‌లోంచి వచ్చినవి. ఐసు సంచులు పెట్రోల్ బంకులోవి అయ్యుంటాయి. నాకు అప్పుడు ఆ సంగతి తెలియదు.

ఈ ఫ్రిజ్ మన ఇంట్లోదానిలాంటిది కాదు. దీనికి కంప్రెసర్ లేదు, తిరిగే భాగం ఒక్కటీ లేదు. 1922లో ఇద్దరు స్వీడన్ విద్యార్థులు కనిపెట్టిన పద్ధతి, ఇప్పటికీ అదే. సీలు వేసిన గొట్టాల్లో అమ్మోనియా, నీళ్లు, హైడ్రోజన్ ఉంటాయి. కింద చిన్న మంట పెడితే నీళ్లలోంచి అమ్మోనియా ఆవిరై పైకి వెళ్తుంది, వెనక రేకుల్లో చల్లారి ద్రవం అవుతుంది, లోపల ఫ్రీజర్ దగ్గర హైడ్రోజన్‌తో కలిసి మళ్లీ ఆవిరవుతూ వేడిని లాగేస్తుంది, చివరికి నీళ్లలో కలిసి కిందికి జారుతుంది. మంట పెట్టి చల్లబరచడం అన్నమాట, వింటే కట్టుకథలా ఉంటుంది. ఇందులో పంపు లేదు కాబట్టి ద్రవం తన బరువుతో తానే కిందికి జారాలి. అందుకే బండి సమంగా నిలబడాలి. వాలుగా నిలిపి ఫ్రిజ్ ఆన్‌లో ఉంచితే, ద్రవం ఒక చోట ఆగిపోయి, కింద మంట తగిలే గొట్టం, అంటే బాయిలర్, మాడుతుంది. గొట్టాలు తుప్పు పట్టకుండా అందులో కలిపిన సోడియం క్రోమేట్ గట్టిపడి అడ్డం పడుతుంది. ఒకసారి అలా పాడైతే బాగుపడటం కష్టం. బండి నడుస్తున్నప్పుడు కుదుపులకి ద్రవం కదులుతూ ఉంటుంది కాబట్టి అంత ప్రమాదం లేదు, నిలిపి ఉంచినప్పుడే గొడవ. మాకు అమ్మినాయన డ్రైవ్‌వే వాలుగానే ఉండేది. అప్పుడు నేను చూసింది పక్కనున్న గులాబీ మొక్కల్ని.

జూన్‌లో గ్రాండ్ కాన్యన్ ప్రయాణం పెట్టుకున్నాం. గురువారం సాయంత్రం అయిదింటికి ఫ్రిజ్ గ్యాస్ మీద వేశాను. శుక్రవారం పొద్దున ఆరింటికి లోపల 61 డిగ్రీల ఫారెన్‌హీట్. నలభై దాటితే తిండి పదార్థాలకి మంచిది కాదని తెలుసు. అయినా "దారిలో అందుకుంటుందిలే" అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పెరుగు, మసాలా పట్టించిన చికెన్, రెండు డబ్బాల ఇడ్లీ పిండి, తెనాలి నుంచి వచ్చిన మా అత్తయ్య గారి ఇన్సులిన్, అన్నీ అందులోనే సర్దాం.

దారిలో అమరిల్లో అనే ఊళ్లో క్యాంప్‌గ్రౌండ్ చేరేసరికి సాయంత్రం అయింది. ఫ్రిజ్ తలుపు తీస్తే పిండి డబ్బా మూత లేచి పక్కకి ఒరిగి ఉంది. పిండి పొంగి అర మీదుగా కారి, పెరుగు గిన్నె చుట్టూ చేరి, కూరగాయల అరలోకి బొట్లుబొట్లుగా పడుతోంది. పుల్లటి వాసన. అత్తయ్య గారు తొంగిచూసి, "ఇది ఫ్రిజ్ కాదు బాబూ, పొయ్యి గట్టు" అన్నారు. డిజిటల్ థర్మామీటర్‌ కన్నా ఇడ్లీ పిండే నయం అని అప్పుడు అర్థమైంది. ఇన్సులిన్‌ని వెంటనే ఐసు పెట్టెలోకి మార్చాం, ఐసుకి నేరుగా తగలకుండా టవల్ చుట్టి. గడ్డకట్టినా అది పాడవుతుంది, అది మర్చిపోకండి. చికెన్ చెత్తబుట్టలోకి వెళ్లింది.

ఆ రాత్రి, మర్నాడు పొద్దున నేను చేసిన తనిఖీలు చెప్తాను, మీకు పనికొస్తాయి. ముందు ఫ్రీజర్ అడుగున చిన్న స్పిరిట్ లెవెల్ పెట్టి చూశా, ఎడమకి కొద్దిగా వంగింది, చక్రాల కింద చెక్కలు పెట్టి సరిచేశా. తర్వాత స్టవ్ వెలిగించి చూశా, బాగానే మండింది, అంటే సిలిండర్‌లోంచి గ్యాస్ వస్తోంది. బ్యాటరీ కూడా చూడాలి, ఎందుకంటే గ్యాస్ మీద నడిచినా ఆ ఫ్రిజ్ కంట్రోల్ బోర్డుకి 12 వోల్టుల కరెంటు కావాలి. అదీ బాగానే ఉంది. బయట తలుపు తీసి, గ్యాస్ కట్టేసి, చల్లారాక బర్నర్ గొట్టం చూస్తే లోపల కాస్త సాలెగూడు. గ్యాస్‌లో కలిపే ఆ దుర్వాసన పదార్థానికి సాలీళ్లు వస్తాయని అంటారు, నిజమో కాదో గానీ నాకైతే ఉంది. మెత్తని బ్రష్‌తో శుభ్రం చేసి మళ్లీ వెలిగిస్తే మంట నిశ్చలంగా, నీలంగా వచ్చింది. మంట పసుపుపచ్చగా, ఊగుతూ, మసి పడుతూ ఉంటే మాత్రం అక్కడ ఏదో అడ్డం ఉందన్నమాట.

చివరికి క్యాంప్‌గ్రౌండ్ కరెంటుకి తగిలించి, ఫ్రిజ్‌ని గ్యాస్ నుంచి కరెంటు మీదికి మార్చి పడుకున్నాం. అప్పుడు మంట బదులు కరెంటు హీటింగ్ ఎలిమెంట్ వేడి పుట్టిస్తుంది. ఇదే అసలైన పరీక్ష. కరెంటు మీద చల్లబడి గ్యాస్ మీద చల్లబడకపోతే జబ్బు బర్నర్ వైపు ఉంది, చిన్న ఖర్చుతో పోతుంది. గ్యాస్ మీద చల్లబడి కరెంటు మీద చల్లబడకపోతే హీటింగ్ ఎలిమెంట్ పోయింది, అదీ పెద్ద ఖర్చు కాదు. రెంటి మీదా వెనక భాగం వేడెక్కుతూ లోపల చల్లబడకపోతే కూలింగ్ యూనిట్, అంటే ఆ సీలు వేసిన గొట్టాలే, పోయినట్టే. పొద్దున చూస్తే లోపల 64. వెనక చెయ్యి పెట్టలేనంత వేడి.

ఊళ్లోకి ఫోన్ చేస్తే వ్యాన్ వేసుకుని ఒక మెకానిక్ వచ్చాడు. రెండు నిమిషాలు పట్టలేదు. కింది తలుపు తీసి టార్చి వేసి, బాయిలర్ చుట్టూ ఉన్న కవచం అంచున వేలు రాసి చూపించాడు. వేలికి పసుపు లాంటి పొడి అంటుకుంది, కుంకుమ పక్కన పెట్టుకునే పసుపే అనుకునేంత. అదే ఇందాక చెప్పిన క్రోమేట్, లోపలి ద్రవం కారి ఆరిపోతే మిగిలేది. విషం, ఊరికే ముట్టుకోవద్దు, ఆయన గ్లవ్స్ వేసుకున్నాడు. బయటికి కనిపించే మరకలు ఎవరో తుడిచేసి, పైన కొత్త అల్యూమినియం టేపు అంటించారు. టేపు మాత్రం తళతళలాడుతోంది, చుట్టూ పదేళ్ల దుమ్ము. అది చూసి నాకు కడుపు మండింది.

లోపలి వాసన కూడా అప్పుడే అర్థమైంది. నిమ్మకాయ పోయాక మిగిలింది అమ్మోనియా. సివిల్ ఇంజినీరింగ్ చదివినవాళ్లకి పాతరోజుల్లో ప్లాన్ల నకళ్లు తీసే అమ్మోనియా ప్రింట్ల షాపు గుర్తుంటుంది కదా, అదే ఘాటు. ఆ వాసన వస్తే ఫ్రిజ్ కట్టేసి కిటికీలన్నీ తెరిచి బయటికి రండి. లీకైన యూనిట్ కింద మంట వెలుగుతూ ఉంటే నిప్పు అంటుకునే ప్రమాదం కూడా ఉంది, లోపల ఉన్నది హైడ్రోజన్ మరి. ఈ రకం ఫ్రిజ్‌లు కొన్ని అమెరికాలో 2006లో, 2008లో, 2010లో మంటల భయంతోనే రీకాల్ అయ్యాయి. తలుపు లోపలి స్టిక్కర్ మీద మోడల్, సీరియల్ నంబర్లు ఫొటో తీసుకుని, కొనేముందే అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో చూడండి, కంపెనీ దగ్గరా అడగండి. ఫ్రిజ్‌ని తీసి తలకిందులు చేస్తే బాగవుతుందనే చిట్కా ఎవరో ఒకరు మీకూ చెప్తారు. నాకు ముగ్గురు చెప్పారు. లీకైనదానికి అది పనిచేయదు.

మెకానిక్ రావడానికి 210 డాలర్లు, కొత్త కూలింగ్ యూనిట్ బిగించడానికి 2,400 అన్నాడు. అమ్మినాయనకి ఫోన్ చేస్తే, "ఉన్నది ఉన్నట్టుగా కొంటున్నా అని రసీదు మీద సంతకం పెట్టావుగా" అన్నాడు. పెట్టాను మరి. ప్రైవేటు మనిషి దగ్గర పాతది కొన్నప్పుడు లెమన్ లా, అంటే లోపమున్న బండి కొన్నవాళ్లని కాపాడే చట్టం, మనల్ని ఆదుకోదు. మిగతా ప్రయాణం అంతా ఐసు పెట్టె మీద, రోజుకి రెండు సంచుల ఐసు. కాన్యన్ దక్షిణ అంచు దాదాపు 7,000 అడుగుల ఎత్తు. ఫ్రిజ్ బాగున్నవాళ్లకి కూడా అంత ఎత్తులో గ్యాస్ మంట సతాయిస్తుందని పక్క సైటు ఆయన చెప్పాడు, అలాంటి చోట వీలైతే కరెంటు మీద నడపండి.

ఇంటికొచ్చాక గ్యాస్ ఫ్రిజ్ తీసేసి 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ పెట్టించుకున్నా. ఇది నా ఇష్టం, అందరికీ అదే సరిపోతుందని అనను. కరెంటు లేని చోట రోజుల తరబడి ఉండేవాళ్లకి, బాగున్న గ్యాస్ ఫ్రిజే మేలు, ఒక 20 పౌన్ల సిలిండర్ దానికొక్కదానికే అయితే పది రోజుల దాకా వస్తుంది.

చూడటానికి వెళ్లేటప్పుడు నాలాగా మధ్యాహ్నం వెళ్లి కూల్‌డ్రింక్ తాగి రాకండి. ముందు రోజు సాయంత్రమే వెళ్లి, ఫ్రిజ్ ఖాళీ చేయించి, మీ చేత్తో కరెంటు మీద ఆన్ చేసి, లోపల ఒక గ్లాసు నీళ్లలో థర్మామీటర్ పెట్టి రండి. ఒప్పుకోకపోతే ఇంకో బండి చూసుకోండి, డల్లాస్‌లో బండ్లకి కొదవ లేదు. మర్నాడు కరెంటు తీసేసి గ్యాస్ మీద ఇంకో ఆరేడు గంటలు నడిపించి చూడండి. వెనక తలుపు మీరే తీయండి, కొత్త టేపు, కొత్త రంగు, తుడిచిన గుర్తులు వెతకండి. తలుపు రబ్బరులో డాలర్ నోటు పెట్టి మూసి లాగండి, ఊరికే జారి వస్తే రబ్బరు పోయినట్టే. నేల దగ్గర ఉండే గ్యాస్ అలారం మీద తేదీ చూడండి, ఈ సిలిండర్లలో ఉండే ప్రొపేన్ గ్యాస్ గాలి కన్నా బరువు కాబట్టి ఆ అలారం కిందే బిగిస్తారు, దానికీ గడువు ఉంటుంది. మా దానికి మూడేళ్ల కిందటే అయిపోయింది, అదీ నేను చూడలేదు.

అర్వింగ్, ఫ్రిస్కో వైపు ఎవరైనా ఈ వారాంతం బండి చూడ్డానికి వెళ్తుంటే చెప్పండి, వస్తాను. టార్చి, థర్మామీటర్, గ్లవ్స్ కారు డిక్కీలోనే ఉన్నాయి.