ఆల్కో విప్పడమా, ఈఎండీ విప్పడమా?

తిరుపతిలో డీజిల్ మెకానిక్ ఐటీఐ చేస్తున్న మా తమ్ముడి కొడుకు మొన్న అడిగినాడు: "పెదనాన్నా, ఏ రైలింజను పని సులువు?" మన ఊరి క్యారేజ్ రిపేర్ షాపులో చేసేది పెట్టెల పని. డీజిల్ ఇంజను లోపల చూడాలంటే గుత్తి షెడ్డు లాంటి చోటికి పోవాల్సిందే.

ఆ షెడ్లలో కనిపించేవి ఆల్కో, ఈఎండీ అనే రెండు అమెరికా కంపెనీల డిజైను డీజిల్ ఇంజన్లు. రెండూ 16 సిలిండర్లవే. ఆల్కోది నాలుగు స్ట్రోకుల పని, డబ్ల్యూడీఎం-2 రకం రైలింజన్లో 2600 హార్స్‌పవర్. ఈఎండీ 710ది రెండు స్ట్రోకులు, డబ్ల్యూడీజీ-4 రకంలో 4000.

తనిఖీకైతే ఈఎండీదే పైచేయి. పక్కనున్న ఎయిర్‌బాక్స్ (సిలిండర్ల చుట్టూ గాలి నిండే పెట్టె) మూత తీసి, టార్చి వేసి, ఇంజన్ని మెల్లగా తిప్పుతూ పోతే లైనరు (పిస్టన్ ఆడే గొట్టం) రంధ్రాల్లోంచి పిస్టన్ రింగులు ఒక్కొక్కటే కనిపిస్తాయి. రింగు విరిగిందా, లైనరు గీసుకుందా అన్నది హెడ్డు (సిలిండరు పైమూత) ముట్టకుండానే తెలుస్తుంది. ఆల్కోలో గాలి వాల్వుల్లోంచి వస్తుంది, ఆ కిటికీ ఉండదు. రింగులు చూడాలంటే హెడ్డు లేపి పిస్టన్ లాగాలి.

ఓవర్‌హాల్లోనూ అంతే. ఈఎండీలో హెడ్డు, లైనరు, పిస్టన్, కనెక్టింగ్ రాడ్డు ఒకే సెట్టుగా క్రేనుతో లేపి కొత్త సెట్టు దించేయొచ్చు. ఆల్కోలో దేనికది విడిగా పీకాలి. నడుం పడిపోతుంది గానీ, పని బాగా నేర్చుకునేది ఆల్కో దగ్గరే. మావాడికి అదే చెప్పినా.

ఒక్క జాగ్రత్త: ఈఎండీ పిస్టన్ పిన్ను బేరింగుకు వెండి పూత ఉంటుంది. జింకు కలిసిన ఆయిల్ పోస్తే ఆ పూత తినేస్తుంది. డబ్బా మీది రాత చదివాకే మూత తిప్పాలి.